పడుగుకు అడ్డమొచ్చిన పెయింటరు

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని, నేయకుండా ఊరికే కూర్చున్న మాదన్న. గోడవార వక్కాకు నములుతున్న ఆయన తల్లి సిద్దమ్మవ్వ. గంజి కడవ కడుగుతున్న కోడలు సునీత. ఉయ్యాలలో సునీత కూతురు, ఎనిమిది నెలల పాప. నూలు కండెల బుట్ట వెనక, ఎవరికీ కనిపించకూడదన్నట్టు ముడుచుకొని కూర్చున్న మాదన్న కూతురు సంతోషి. సంతోషి తల్లి లక్ష్మమ్మ కోడుమూరులో ఉంది, చెల్లెలికి కంటి ఆపరేషనైతే చూసుకోడానికి పోయింది. అన్న, అంటే సునీత మొగుడు, ఆదోనిలో పత్తి మిల్లులో పని చేస్తాడు, ఆదివారాలే వస్తాడు.

ఆరో మనిషి బయట ఎండలో నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్ల కుర్రవాడు. చొక్కా మీద రంగు మరకలు. చేతుల్లో తడి ఆరని క్యాన్వాసు, చంటిపిల్లను పట్టుకున్నంత జాగ్రత్తగా.

"అన్నా, దీన్ని ఈడ పెట్టుకోనిస్తారా? పది రోజులు. నూనె రంగులు, తొందరగా ఆరవు. బస్సులో తీసకపోతే ఆదోని చేరేలోపల బొమ్మంతా జనాల చొక్కాల మీదికి పోతాది."

మాదన్న అతణ్ణి కింద నుంచి పైదాకా చూశాడు.

"పొద్దున మా పడుగుకు అడ్డం నిలబడింది నువ్వే గదప్పా?"

"నేనే అన్నా."

"మా సంతోషితో తిట్లు తిన్నది?"

"తిట్టలేదన్నా. జరగమన్నారు. నాలుగుసార్లు."

వంటింట్లోంచి సునీత కిసుక్కున నవ్వింది. బుట్ట వెనక సంతోషి ఇంకా ముడుచుకుపోయింది.

సంతోషి మాటకారి కాదు. డిగ్రీ మూడేళ్లూ చివరి బెంచీలో కూర్చొని, అటెండెన్సు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తిందే గాని నోరు తెరవలేదు. అలాంటి పిల్ల ఆ పొద్దున వీధి మధ్యలో ఒక పరాయి కుర్రవాడితో గొడవ పడిందంటే ఇంట్లోవాళ్లకే నమ్మబుద్ధి కావడం లేదు.

కాని పడుగు దగ్గర సంతోషి వేరే మనిషి. ఎమ్మిగనూరులోని ఆ వీధిలో తెల్లవారగానే ఎవరో ఒకరి పడుగు పడుతుంది. ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ. మధ్యలో ముప్పై గజాల పొడవున దారాలు సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోపల అయిపోవాలి. ఆలస్యమైతే దారానికి దారం అతుక్కొని నాలుగైదు రోజుల నేత పాడవుతుంది. అందుకని పడుగు పరిచిన వేళ ఆ వీధిలోకి పాల బండి కూడా రాదు.

ఈ సంగతి తెలియని ఆ కుర్రవాడు, బసవరాజు, సరిగ్గా తూర్పు గుంజకు ఎదురుగా మూడు కాళ్ల స్టాండు వేసి, దానికొక పెద్ద తెల్ల గొడుగు కట్టి, ఒక కన్ను మూసుకొని ఎదురు గోడను చూస్తూ నిలబడ్డాడు.

"జరగండి," అంది సంతోషి, చేతిలోని పడుగు కొస మీంచి చూపు తిప్పకుండా.

"ఒక్క ఐదు నిమిషాలు. ఈ వెలుతురు పోతాది."

"మాకూ అదే వెలుతురు. మా గంజి ఎండిపోతాది."

"ప్లీజ్ అండీ. ఆ గోడ మీద పసుపు ఇప్పుడే వచ్చింది. రేపటిదాంక మళ్లీ దొరకదు."

"అయితే రేపు రండి."

"రేపు మబ్బు పడితే?"

"మబ్బు పడితే మాకూ పనుండదు. అప్పుడు మీరూ మేమూ ఊరికే కూచుందాం. ముందు జరగండి."

వీధంతా నవ్వింది. బసవరాజు స్టాండు ఎత్తుకొని అవతలి అరుగు మీదికి పోయాడు. పోయేటప్పుడు గొడుగు కేబుల్ వైరుకు తగులుకొని, దాన్ని విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఆ అరుగు మీద నుంచి చూస్తే పడుగు మొత్తం కనిపించింది. ఎండలో తళతళలాడుతున్న వేల దారాలు, వాటి మీద వంగి నడుస్తున్న మనుషులు, మధ్యలో కోపంగా కుంచె విసురుతున్న ఒక పిల్ల. గోడ కోసం వచ్చినవాడు గోడ సంగతి మర్చిపోయాడు.

"ఎవరి పిల్లోనివప్పా నువ్వు?" అడిగింది సిద్దమ్మవ్వ.

"ఆదోనిలో బోర్డులు రాసే తిమ్మప్ప కొడుకునవ్వా."

మాదన్న ముఖం విప్పారింది. "తిమ్మప్ప కొడుకువా! మా నాయన పెండ్లికి పందిట్లో పేర్లు రాసింది మీ తాతే. ఇప్పుడు రాస్తాండాడా మీ నాయన?"

"ఫ్లెక్సీలొచ్చినాక యాడ రాస్తాడన్నా? నాకు కుంచె ఇచ్చి ఆయన కూచున్నాడు. నేను ఆర్ట్ కాలేజీలో చదివినా. పోయినేడు పోర్చుగల్ పోయి బొమ్మలేసి వచ్చినా. ఈ పొద్దుకు పదకొండో దినం మళ్లీ పోతాండా, మూడు నెలలు. పోయేలోపల మన సీమ బొమ్మ ఒకటి, బయట నిలబడి గీసింది, తీసుకురమ్మన్నారు."

"అట్లయితే పెట్టుకో," అంది అవ్వ. "ఊరికే కాదు. అంత దూరం పోయొచ్చినావు గదా, దినానికి ఒక కత సెప్పల్ల."

అలా కుదిరింది బేరం. మగ్గం పక్కన క్యాన్వాసు, పొద్దున పని అయినాక అవ్వకొక కత.

మొదటి కత గాలిది.

"ఆ ఊరు సముద్రం అంచున ఉంటాది అవ్వా. అందరూ చేపలోళ్లే. ఎండాకాలంలో పదిమంది పెయింటర్లను పిలిచి ఇల్లిస్తారు, అన్నం పెడతారు. ఒకటే కండిషన్. బొమ్మ యాడ మొదలుపెడితే ఆడే, ఆకాశం కిందే ముగించల్ల."

"ఇల్లిచ్చి ఇంట్లో కూచోవద్దంటారా? బాగానే ఉండాది."

"గాలి ఎట్లుంటాదంటే, స్టాండుకు మూడు రాళ్లు కట్టేవాణ్ణి. ఒకనాడు కట్టడం మర్చిపోయినా. బొమ్మ లేచింది, గిరగిరా తిరిగింది, పోయి చేపల వ్యాను మీద పడింది. డ్రైవరు చూసుకోలేదు, వ్యాను కదిలింది. నేను వెనక పరిగెత్తుతా 'స్టాప్, స్టాప్' అంటాండా. దారెంబడి ఉన్నోళ్లంతా నాకు చేపలు కావాలేమో అనుకొని, పాపం, వాళ్లు కూడా నాతోపాటు పరిగెత్తి కేకలేసినారు."

అవ్వ పొట్ట పట్టుకొని నవ్వింది. మాదన్న మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపి నవ్వాడు. బుట్ట వెనక నుంచి కూడా చిన్న చప్పుడు వచ్చింది.

బసవరాజు సంచిలోంచి చిన్న చెక్క పలక ఒకటి తీశాడు. దాని మీద సముద్రం, పైన లేత ఆకాశం. "అదిగో ఆ బొమ్మ ఇదే. బాక్సుల మీద బోర్లా పడింది."

అది చేతులు మారి మారి బుట్ట వెనక్కి చేరింది. సంతోషి ఆకాశం మీద వేలు పెట్టి చూసింది.

"ఇది రంగు కాదు," అంది. అతనితో ఆమె మాట్లాడిన రెండో మాట అదే, పొద్దుటి గొడవను ఒక మాటగా లెక్కవేస్తే.

"కాదు. చేప పొలుసులు. ఊడదీయలేదు నేను."

సంతోషి లేచి పలకను బయటికి తీసుకుపోయి ఎండలో అటూ ఇటూ తిప్పింది. ఆకాశంలో నాలుగు చోట్ల మెరిసింది. ఆమె ముఖం కూడా మెరిసిందని సునీత తర్వాత చెప్పింది.

"ఎండలో ఎందుకు చూసినారు?" అడిగాడు బసవరాజు.

"రంగేసిన నూలు లోపల చూసి మేము ఒప్పుకోము. బయట ఎండలో చూస్తేనే అసలు రంగు."

బసవరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నేను సముద్రాలు దాటి పోయినా! ఈడ ఎమ్మిగనూరులో, బస్సుకు గంట దూరంలో ఉండాదే!"

మరుసటి రోజు ఆ ముక్క నేర్చుకున్న కత చెప్పాడు. పోయిన కొత్తలో రోజూ సముద్రం ముందే నిలబడ్డాడట. మూడు బొమ్మలు వేశాడట. అక్కడి పెద్ద పెయింటరు ఒకాయన వచ్చి చూసి, "బాగుంది, కాని ఇది ఏ ఊరి ఎండ?" అన్నాడట. చూసుకుంటే ఆకాశం తెల్లగా, నీడలు కోసినట్టు పదునుగా, అచ్చం ఏప్రిల్‌లో ఆదోని.

"కండ్ల ముందు ఉన్నది చూడకుండా, తలలో ఉన్నది గీసేసినా. అప్పటినుంచి ఒకటే రూలు పెట్టుకున్నా. చూడందే గీయను."

"ఫోటో తీసి చూసుకోవచ్చు గదా?" బుట్ట వెనక నుంచి వచ్చింది ప్రశ్న.

"ఫోటోలో నీడ నల్లగా పడుతుంది. నిజంగా నల్లగుంటాదా? మీరే చెప్పండి."

సంతోషి వీధిలోకి చూసింది. పుట్టినప్పటినుంచి చూస్తున్న పడుగే, దాని కింద పుట్టినప్పటినుంచి చూస్తున్న నీడే.

"వంకాయ రంగు," అంది ఆశ్చర్యంగా. మళ్లీ చూసి, "కాదు, ఇంకా లేత. నీలం కలిసిన వంకాయ," అంది.

బసవరాజు పాలెట్ మీద నీలమూ ఎరుపూ కలిపి చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం నీలం కలిపాడు. ఆమె తల నిలువుగా ఊపింది. అప్పటినుంచి ఆ బొమ్మలో ప్రతి రంగూ సంతోషి తల ఊపితేనే పడింది. తల ఊపడమే గాని, ఎత్తడం లేదు. ఆమె చూపు పాలెట్ దాకా వచ్చి, అతని చొక్కా గుండీ దాకా ఎక్కి, అక్కడినుంచి గబుక్కున దిగిపోయేది.

"ఆదోని పెయింటరుకు ఇప్పటికి ఎన్ని గుండీలున్నాయో నీకు లెక్క తెలిసుంటాది," అనేది సునీత.

"వదినా!"

"నాలుగు. పైది ఊడిపోయింది. నేనూ చూసినాలే."

మూడో కత నార్వేది. పోర్చుగల్ నుంచి అక్కడికి పదిహేను రోజులు పోయాడట. ఎండాకాలంలో అక్కడ పొద్దు మునగదట. సాయంత్రపు ఎండ అయిపోతుంది, తొందరగా గీయాలి అనుకొని గీస్తూనే ఉన్నాడట, చెయ్యి పడిపోయేదాకా. ఎంతకీ ఆ ఎండ పోలేదట.

అవ్వ వక్కాకును ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చింది. "పొద్దు మునగకపోతే మగ్గం ఎప్పుడు ఆపుతారప్పా వాళ్లు? పాపం."

ఐదో రోజు పొద్దున వాన వచ్చింది. చెప్పి రాలేదు. ఆలూరు దిక్కు నుంచి ఒక మబ్బు ముక్క వచ్చి, సరిగ్గా ఈ వీధి మీద నిలబడి, చిటుకు చిటుకుమని మొదలుపెట్టింది. ఆ రోజు పడుగు మాదన్నదే. సగం కూడా దువ్వలేదు.

"పడుగు! పడుగు!" అని కేకలు. నాలుగిళ్ల మనుషులు ఉరికారు. బసవరాజు కూడా ఉరికాడు, తన స్టాండుకున్న గొడుగు పీక్కొని. దాన్ని తీసుకొచ్చి పడుగు మీద పట్టాడు, వీరుడిలా.

ముప్పై గజాల పడుగు మీద రెండు గజాల గొడుగు.

ఒక్క క్షణం అందరూ ఆగి చూశారు. తర్వాత ఆ వానలోనే పగలబడి నవ్వారు. గొడుగు ఉన్నది సంతోషి ఉన్న చోటే అని మొదట గమనించింది సునీత. రెండోది సంతోషి.

"మీ బొమ్మ తడుస్తాంది," అంది సంతోషి, అతని చొక్కా మూడో గుండీతో.

"నూనె రంగుకు వాన ఏం చేయదు. పోర్చుగల్‌లో నా బొమ్మలు మూడుసార్లు తడిసినాయి. మీ దారాలకు నూనె లేదు గదా."

ఆమె పెదవి కొసన నవ్వింది. వానకు తన పని అయిపోయిందనిపించిందేమో, మబ్బు పత్తికొండ దిక్కుగా వెళ్లిపోయింది. పడుగు బతికింది. ఆ పూట మాదన్న అతనికి జొన్న రొట్టె, గుంతపొంగణాలు పెట్టించి, రెండోసారి అడిగి మరీ వడ్డించాడు.

అంతా బాగానే ఉండేది, మారియా రాకపోతే.

మారియా ఆరో కతలో వచ్చింది. ఏడో కతలోనూ వచ్చింది. "మారియా లేకుంటే నేను ఆడ బతికేవాణ్ణి కాదు," అన్నాడు బసవరాజు. "రోజూ నేను యాడ నిలబడి గీస్తాంటే ఆడికి వచ్చి సూపు పోసేది. ఎండకు నల్లబడతాండావు అని తన టోపీ తీసి పెట్టింది. పోయేటప్పుడు పట్టుకొని ఏడ్చింది."

"ఎంత మంచి పిల్లో," అంది అవ్వ.

సంతోషి చేతిలో కండె దారం తెగింది.

ఎనిమిదో రోజు అతను ఆదోనికి వెళ్లిపోయాక సంతోషి ఒక్కతే బొమ్మ ముందు నిలబడింది. వీధి ఉంది, గోడ మీద పసుపు ఉంది, తను చెప్పిన వంకాయ నీడ ఉంది. మధ్యలో పడుగు మీద వంగిన అమ్మాయికి ఆ రోజే ముఖం వచ్చింది. పొడుగు ముక్కు, బాదం కాయల్లాంటి కళ్లు, ఎక్కడి మనిషో ఏమో.

"మారియా," అంది సంతోషి, గట్టిగా. లోపలికి పోయి కళ్లు తుడుచుకొని, పొగ అని చెప్పింది. పొయ్యి వెలిగించనే లేదు, పైగా అది గ్యాసు స్టవ్వు.

ఆ మధ్యాహ్నమే ఇంకో సంగతి జరిగింది. వాన చెమ్మకు క్యాన్వాసు గుడ్డ కొంచెం వదులైంది. సిద్దమ్మవ్వ దాన్ని వేలితో తట్టి చూసింది. అరవై ఏళ్లుగా గుడ్డ వదులైతే ఏం చేయాలో ఆమెకు తెలుసు. పాపం పిల్లోనికి తెలీదేమో, చెప్పేవాళ్లెవరు అనుకొని, మిగిలిన గంజిలో పడుగు కుంచె ముంచి, ఇటునుంచి అటు ఒకటి, అటునుంచి ఇటు ఒకటి, బొమ్మకు రెండు చాళ్లు పట్టించింది. పడుగు దువ్విన చెయ్యి. సరిగ్గా మధ్యలో పడింది.

తొమ్మిదో రోజు పొద్దున బసవరాజు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ అతని కేసి చూడలేదు. మాదన్న మగ్గం కేసి చూస్తున్నాడు. సునీత పాప కేసి చూస్తోంది.

"కొడుకా," అంది అవ్వ, "గంజి నేనే పెట్టినా. గుడ్డ బిగుస్తాదని."

బసవరాజు క్యాన్వాసు దగ్గరికి పోయాడు. వీధి బాగానే ఉంది. గోడ బాగానే ఉంది. పడుగు మీద వంగిన అమ్మాయికి మాత్రం ముఖం లేదు. ముక్కూ కళ్లూ కలిసి గోధుమ రంగు మరకగా చెవుల దాకా సాగిపోయాయి.

అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకొని మాదన్న లేచాడు. కాదు, నవ్వుతున్నాడు.

"అవ్వా, పోర్చుగల్‌లోని ఆ పెద్ద పెయింటరు ఈడుంటే నీ కాళ్లు మొక్కేటోడు."

"నవ్వుతారెందుకు?" బుట్ట వెనక నుంచి లేచి నిలబడింది సంతోషి. మాట స్పష్టంగా ఉంది. "మారియా ముఖం మీకు బాగానే గుర్తుంటాది గదా. మళ్లీ గీసుకోండి."

ఇల్లంతా ఆమె వైపు తిరిగింది. పడుగు దగ్గర తప్ప ఇంత పొడుగు మాట సంతోషి నోట ఎవరూ విని ఎరుగరు.

"మారియానా?" అన్నాడు బసవరాజు. జేబులోంచి ఫోను తీసి, వెతికి, చూపించాడు. తెరమీద ఒక ముసలామె. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. నోట్లో రెండే పళ్లు, చేతిలో పెద్ద గరిటె, ఆ గరిటెతో బసవరాజు నెత్తి మీద కొడుతున్నట్టు ఫోజు.

"వాళ్లింటి బొమ్మ గీసినా. దండెం మీద బట్టలు గీయలేదని ఈ గరిటెతోనే వచ్చింది కొట్టడానికి. గీసినాకే సూపు పోసింది."

అవ్వ ఫోను లాక్కుంది. "ఓయమ్మో, నాకంటే ముసల్ది! ఈమెనా నువ్వు రెండు దినాలుగా సెప్తాండేది?" సునీత నవ్వలేక కింద కూర్చుంది. పాప కూడా ఎందుకో నవ్వింది.

సంతోషికి భూమిలోకి పోవాలనిపించింది. కాని ఒక అనుమానం ఇంకా మిగిలి ఉంది.

"మరి ఆ బొమ్మలో ముఖం ఎవరిది?"

"మీదే."

"నా ముక్కు అంత పొడుగుందా?"

"నాకేం తెలుసు? తొమ్మిది రోజులైంది, మీరు ఒక్కసారి కూడా తలెత్తలేదు. పాపిట తెలుసు. ముక్కు తెలీదు. ఊహించి గీసినా. చూడందే గీయనన్నోణ్ణి, నా రూలు నేనే తప్పినా. అవ్వ సరిచేసింది."

ఆ మాట తర్వాత నవ్వులు ఆగిపోయాయి. బసవరాజు మాదన్న వైపు తిరిగి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"మామా, ఎల్లుండి నా రైలు. రేపు మీ పడుగే గదా. ఆరున్నర నుంచి ఏడు దాంక ఆ వెలుతురుంటాది. ఆమె ఒక్క అరగంట తలెత్తి నాకెదురుగా నిలబడితే..."

"నిన్నటిదాంక అన్నా అంటివి," అన్నాడు మాదన్న. "ఈ పొద్దు మామనెట్లయితిని?"

బసవరాజు చెవులు ఎర్రబడ్డాయి. "నోరు జారింది."

"జారిందా?"

"లేదు మామా. జారలేదు."

మాదన్న నవ్వలేదు. "వీధిలో అందరి ముందర ఒక పిల్లోడు అరగంటసేపు చూస్తాంటే ఆడపిల్ల నిలబడిందంటే, ఈ వీధిలో దానికి ఏం అర్థమో తెలుసునా నీకు?"

"తెలుసు. అందుకే అడుగుతాండా. ముఖం ఒక్కటే అయితే ఇంట్లో కూచోబెట్టి గీసుకుంటాంటి. నేను అడిగేది ముఖం ఒక్కటే కాదు. మూడు నెలలకు తిరిగొస్తా. రైలు దిగినాక నేరుగా మా నాయనను తీసుకొని ఈ ఇంటికే వస్తా. ఆమెకు ఇష్టమైతేనే." అతను బుట్ట వైపు చూడకుండా బుట్టకు చెప్పాడు. "ఇష్టం లేకపోతే తల దించుకొని పని చేసుకోండి. ఆ చోటు ఖాళీగానే పెట్టి తీసకపోతా. మళ్లీ ఊహించను."

సంతోషి కండెల బుట్ట ఎత్తుకుంది. లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సునీత కోడుమూరుకు ఫోను చేసింది.

"పిల్లోడు ఎట్లుంటాడు?" అడిగింది లక్ష్మమ్మ.

"రంగురంగులుగా ఉంటాడత్తా."

"మీ మామ ఏమంటాడు?"

ఆ ప్రశ్నకు మాదన్నే ఫోను అందుకొని జవాబు చెప్పాడు. "వాన పడితే తన పని ఇడ్సిపెట్టి మన పడుగు మీద గొడుగు పట్టినాడే. నాకింకేం కావల్ల?"

"మరి దానికి ఇష్టమేనా?"

"అది సెప్తాదా? చిన్నప్పుడు జరమొచ్చినా సెప్పలేదు."

"నా తట్టు నుంచి సరేనని సెప్పు. తక్కింది అదే సెప్పల్ల. ఎవరూ దాని తరఫున సెప్పొద్దు," అని ఫోను పెట్టేసింది లక్ష్మమ్మ.

తెల్లవారింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. వీధి పొడవునా పడుగు సాగింది. విషయం ఎట్లా పాకిందో గాని, పడుగు పని లేనివాళ్లు కూడా ఆ పొద్దున అరుగుల మీద ఉన్నారు. బసవరాజు తన అరుగు మీద గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. కుంచె చేతిలో ఉంది, చెయ్యి కదలడం లేదు.

సంతోషి కుంచె పట్టుకొని వచ్చింది. తల దించుకొని ఒక వరస దువ్వింది. రెండో వరస దువ్వింది. గోడ మీదికి పసుపు వచ్చింది. ఆరున్నర అయింది. ఆరూ ముప్పై ఐదు అయింది. ఆమెకు దారాలు కనిపించడం లేదు. ఈ దారాల వెంట ఇట్లాగే నడుచుకుంటూ పోతే వరస అయిపోతుంది, వెలుతురు పోతుంది, రేపు రైలు పోతుంది, ముక్కూ కళ్లూ లేని ఒక పిల్ల సముద్రాలు దాటి పోయి, ఎవరి గోడకో వేలాడుతుంది.

సంతోషి తన కుంచెను పక్కనున్న మాదన్న చేతికిచ్చింది. పడుగు చుట్టూ తిరిగి, అవతలి అరుగు ముందుకొచ్చి నిలబడింది.

"ఎటు తిరగాలి?" అంది. గట్టిగానే.

బసవరాజు కుంచెతో తన వైపు చూపించాడు. "ఇటు."

ఆమె తలెత్తింది. గుండీలు దాటి, గడ్డం దాటి, చూపు నేరుగా అతని కళ్ల దాకా వెళ్లి ఆగింది. అరుగుల మీద ఒక్కసారిగా గోల.

"ఓ సంతోషీ, మెడ పట్టేస్తాదే!"

"పెయింటరూ, ముక్కు కొలుచుకో, మళ్లీ పొడుగు పెట్టేవు!"

"కుంచె వణుకుతాంది సూడండి, గంజి పెట్టండప్పా ఆ పిల్లోనికి!"

పది నిమిషాలు నిలబడింది. పదిహేను. అతను చూస్తున్నాడు, గీస్తున్నాడు, మళ్లీ చూస్తున్నాడు. చూసేదే ఎక్కువైంది. పడుగు దువ్వడం అయిపోయి, మాదన్న చేతులు కడుక్కొని ఇంట్లోకి పోవడం సంతోషి కంటి కొసన కనిపించింది. దాంతో ఉన్న ధైర్యమంతా జారిపోయింది. చెంపలు కాలిపోతున్నాయి. ఇక నిలబడలేక గిరుక్కున తిరిగి ఇంటి వైపు ఉరికింది.

వాకిట్లో మాదన్న, ఆయన భుజం వెనక అవ్వ, అవ్వ వెనక పాపనెత్తుకున్న సునీత.

"చాలు నాయనా, నేను లోపలికొస్తా," అంది సంతోషి.

"బొమ్మ అయిందా?"

"లేదు. సగమే."

మాదన్న కూతుర్ని చూశాడు, అవతల అరుగు మీద కుంచె పట్టుకొని బిక్కచచ్చి నిలబడ్డవాణ్ణి చూశాడు, గోడ మీద ఇంకా మిగిలి ఉన్న పసుపును చూశాడు.

"అయినాక రా తల్లీ," అని, ఆమె ముఖం మీదే తలుపు మూసి, వీధంతా వినేలా గడియ వేశాడు.